చూపులకు వచ్చిన రాగి బాయిలర్

పరదా ముప్పై మూడో ఏడు, పుష్యం, సోమవారం

ఈ రోజు మొదటి వింత బూడిద వల్ల తెలిసింది. బూడిద మా పిల్లి. రోజూ నేను లేచేసరికి అది బాయిలర్ పక్కన, నేల కింద గొట్టం మొదటి మలుపు తిరిగే చోట ముడుచుకొని ఉంటుంది. ఇంట్లో అంతకంటే వెచ్చని జాగా లేదు. ఈ రోజు అది అమ్మ స్కూటర్ సీటు మీద పడుకుంది. ఎందుకో నేల మీద కాలు మోపగానే అర్థమైంది. బాయిలర్ అడుగు తుప్పు పట్టి చిల్లి పడింది. కింద చిన్న మడుగు, మడుగు అంచున పలచగా మంచు.

సారు మమ్మల్ని రోజూ ఇంటి నేల వేడి కొలతలు రాసిపెట్టమన్నారు. నేను వేడి లెక్కలు నేర్పే ఉష్ణశాల బడిలో మొదటి ఏడు చదువుతున్నాను. కొలతల పక్కన మాటలు కూడా రాస్తే వద్దనరని అనుకుంటున్నాను. ఈ మధ్య నాకు మాటలంటే కొత్త ఇష్టం పుట్టింది.

మా ఇల్లు మయూరి ఎన్‌క్లేవ్ సెల్లార్‌లో, పద్నాలుగో స్తంభం దగ్గర. మూడు బండ్ల జాగా మాది. ఒకప్పుడు కార్లు నిలిపిన పచ్చ గీతలు నేల మీద ఇంకా ఉన్నాయి. ఒక జాగాలో మా పడకలు, ఇంకోదానిలో వంట, బాయిలర్, అమ్మ స్కూటర్. మూడోదానిలో వదినె ఇందుమతి కుట్టుమిషన్. ఆమె ఎన్‌క్లేవ్ అంతటికీ బొంతలు కుడుతుంది. పై అంతస్తుల్లో ఎవరూ ఉండరు. ముప్పై మూడేళ్ళ కింద ఎండలు తట్టుకోలేక మనుషులే ఆకాశంలో సూర్యుడికి అడ్డంగా పరదా కట్టుకున్నారు. ఇప్పుడు దాన్ని తీద్దామంటే అది కదలడం లేదు. అందుకని చలికి తాళలేక అందరం కిందికి దిగి, నేల కింద జిలేబీలా తిప్పిన గొట్టాల్లో వేడినీళ్ళు పారించుకుంటూ బతుకుతున్నాం.

వదినెకు ఇప్పుడు ఎనిమిదో నెల. వచ్చే మంగళవారం పొద్దున ఎన్‌క్లేవ్ మండలి వాళ్ళు నేల వేడి తనిఖీకి వస్తారు. కాన్పు కాబోయే ఇంట్లో నేల ఇరవై ఆరు డిగ్రీలు ఉండాలి. లేకపోతే తల్లీబిడ్డలు చలికాలమంతా ఉమ్మడి హాలులో ఉండాల్సిందే. పోయిన చలికాలం వదినె ఆ హాలుకు చంటిపిల్లతో వెళ్ళి ఒక్కతే తిరిగి వచ్చింది. ఆ సంగతి మా ఇంట్లో ఎవరూ మాటల్లో పెట్టరు. అన్న గోదావరి కాలువ మీద మంచు కొట్టే పనికి వెళ్ళేముందు నాతో ఒక్కటే అన్నాడు: "మంజీరా, ఈసారి వదినెను ఇంట్లనే ఉంచుండ్రి."

బాయిలర్ పోయినా పొద్దుటి పని ఆగదు కదా. ఆరు బకెట్లు పోసి ఇల్లు కడిగాను, నీళ్ళు మోరీ జాలీలోకి తోశాను. అమ్మ గుమ్మంలో ముగ్గేసింది. ముగ్గు పడేదాకా మా ఎన్‌క్లేవ్‌లో ఒకరింటికి ఒకరు రారు. తనిఖీ వాళ్ళు కూడా ముగ్గు చూసుకొనే లోపల అడుగుపెడతారు.

మంగళవారం

అమ్మ, నేను పాత సామాన్ల అంగడి గుజిరీకి వెళ్ళాం. పాత బాయిలర్లన్నీ అక్కడ సుల్తానా ఆపా దుకాణంలో ఉంటాయి. ఆపా పొగచూరిన చేతులతో చాయ్ తాగుతూ మమ్మల్ని ఎగాదిగా చూసింది.

"ఎంత ఇల్లు?"

"మూడు బండ్ల జాగ," అన్నాను.

"ఎందరుంటరు?"

"ముగ్గురం. మాఘంల నలుగురమైతం."

ఆపా లేచి, మనిషంత ఎత్తున్న ఇనుప బాయిలర్‌ను చేత్తో చరిచింది. "గిది తీస్కపోండ్రి. హోటల్ల ఉండె. దినాం వెయ్యి ఇడ్లీలకు ఆవిరి పట్టింది. మీ ముగ్గురికి పట్టదా?"

"మమ్మల్ని ఉడకవెడ్తవా ఏంది?" అంది అమ్మ. "దీనికేం ఇయ్యాలె?"

"ఒక బండి జాగ."

అమ్మ నా వైపు చూసింది. ఒక జాగా ఇవ్వడమంటే వదినె మిషన్ ఉన్న చోటు ఇవ్వడమే. ఊయల కట్టాలనుకున్నదీ అక్కడే.

మూలన ఒక రాగి బాయిలర్ కనిపించింది. బిందెకు పెద్దన్నలా ఉంది. నడుమ గొట్టం, కింద నిప్పు వేసే గిన్నె, పక్కన ఇత్తడి కొళాయి. పూర్వం దానిలో స్నానాల నీళ్ళు కాచుకొనేవారట. ఎవరో దాని లోపల రాగి తీగచుట్ట పెట్టి, నేల గొట్టాలకు కలపడానికి మూతులు అతికించారు.

"గిది మా మేనమామ పెండ్లిల నీళ్ళు కాగవెట్టిన డబ్బ లెక్కనే ఉన్నది," అంది అమ్మ నవ్వుతూ. "దీనితోని ఇల్లు కాగుతదా?"

"కాగకుంటె నా దగ్గరికే తెస్తవు గదా," అంది ఆపా. "దీనికి జాగ వద్దు. నీ ఇంట్ల ఒక స్కూటర్ ఉన్నదంట. అది ఇయ్యి."

అమ్మ నవ్వు ఆగిపోయింది. పరదా రాకముందు ఆమె ఆ స్కూటర్ మీద ఊరంతా తిరిగి బీమా పాలసీలు కట్టించేది. ఇప్పుడు పెట్రోలు లేదు, రోడ్డు మీద మంచు. అయినా ప్రతి శనివారం గుడ్డతో తుడుస్తుంది.

గుజిరీలో బాయిలర్‌ను ఎవరూ చూడగానే కొనరు. ఏడు రోజులు ఇంట్లో వెలిగించి చూస్తారు. దానికి పెండ్లిచూపులని పేరు. ఒక చలికాలానికి ఒక ఇంటికి ఒకే చూపు. నచ్చకపోతే వెనక్కి ఇవ్వచ్చు. ఆ తరువాత మాత్రం ఏది తీసుకున్నా చూపుల్లేకుండా తీసుకోవాలి.

నేను రాగిదాన్నే ఎంచుకున్నాను. నా లెక్క ఇది. మా ఇంటికి మూడు వైపులా మట్టి ఉంది. గాలి లాక్కుపోయినంత వేడిని మట్టి లాక్కుపోదు. నేల గొట్టాల్లో నీళ్ళు మరగక్కర్లేదు, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగినంత వేడి చాలు. అలాంటి ఇంటికి పెద్ద బాయిలర్ పెడితే కాసేపట్లోనే నీళ్ళు కావలసినదానికంటే ఎక్కువ కాగుతాయి, దాన్ని ఆపాలి, చల్లారాక మళ్ళీ వెలిగించాలి. వెలిగించిన ప్రతిసారీ ఊక దిమ్మ సగం పొగకే పోతుంది. మా ఊక కోటా మాఘం దాటదు. చిన్నది అయితే రోజంతా సన్నగా, ఆగకుండా మండుతుంది.

బాయిలర్ అంటే మరిగించేది అని నిఘంటువులో ఉంది. మా నేలకు కావలసింది మరగడం కాదు, గోరువెచ్చన. ఎంత చక్కని మాట! గోటి కొసతో ముట్టుకొని చూసే వెచ్చదనం కాబోలు.

బుధవారం

ఆపా మనిషి వచ్చి రాగి బాయిలర్ బిగించి వెళ్ళాడు. సాయంత్రానికి నేల మెల్లగా మేలుకుంది. ముందు గోడవార, తరువాత మధ్యలో. వదినె చెప్పులు విప్పి, పాదాలు ఆనించి చాలాసేపు నిలబడింది.

"ఎట్లున్నది వదినె?"

"పిల్లగాడు తంతున్నడు. నచ్చినట్టుంది," అంది.

అమ్మ మాత్రం బాయిలర్‌కు పసుపు, కుంకుమ పెట్టలేదు. "చూపులే గదా, లగ్గం కాలే," అంది.

గురువారం

పొద్దున ఇల్లు కడిగి, ముగ్గు అయ్యాక కొలత తీశాను. ఇరవై రెండు. తనిఖీకి నాలుగు తక్కువ. మధ్యాహ్నానికి ఇరవై నాలుగు, పడుకొనేముందు ఇరవై ఏడు. అంటే రాత్రి చలి మింగేస్తున్నదన్నమాట. ఈ రాత్రి పడుకొనేముందు రెండు దిమ్మలు ఎక్కువ వేస్తాను.

శుక్రవారం

రెండు దిమ్మలు ఎక్కువ వేసినా పొద్దున ఇరవై రెండే. గోడల వెంట చెయ్యి పెట్టి చూశాను. ఎక్కడా సందు లేదు. తలుపు కింద గోనె కుక్కాను. నా లెక్క మళ్ళీ మొదటినుంచి చేశాను. లెక్క సరిగ్గానే వస్తున్నది, నేలే ఒప్పుకోవడం లేదు.

బూడిద కూడా కడిగిన వెంటనే స్కూటర్ ఎక్కేసి మధ్యాహ్నందాకా దిగడం లేదు. పిల్లి కూడా చూపుల్లో పెదవి విరిచిందని అమ్మ అంటోంది.

సాయంత్రం వదినె మిషన్ దగ్గర బొంత అంచు కుడుతూ నన్ను పిలిచింది.

"మంజీరా, నా జాగ ఇచ్చేద్దాం. మిషన్ మడిచి పడక పక్కన పెట్టుకుంట. పెద్దదే తెచ్చుకుందాం."

"ఊయల ఏడ కడతం?"

"ఊయలెందుకు, నా పొట్ట మీద పంటడు." నవ్వింది. సూది వైపే చూస్తూ, "ఆ హాలుకు మాత్రం నేను పోను," అంది.

ఆమె గొంతు పెంచలేదు. నాకు మాత్రం ఆ తరువాత ఏం చదివినా తలకెక్కలేదు.

శనివారం

మళ్ళీ ఇరవై రెండు. ఈ రోజు కొలతల గురించి ఇంకేమీ రాయను.

పాత పత్రికలో "ఉక్కపోత" అన్న మాట చూశాను. నిఘంటువు "గాలి ఆడక చెమట పట్టుట" అంటుంది. చెమట నాకు తెలుసు, పరుగెత్తితే పడుతుంది. ఊరికే కూర్చుంటే చెమట పట్టడం ఏమిటో ఊహకు అందలేదు. అమ్మ స్కూటర్ తుడుస్తుంటే వెళ్ళి అడిగాను.

అమ్మ చాలాసేపు నవ్వింది. "నీకెట్ల చెప్పాలె బిడ్డా? ఫ్యాన్ తిరుగుతనే ఉంటది, గాలి మాత్రం అన్నం కుండ మీది ఆవిరి లెక్క మొఖానికి కొడ్తది. రవిక ఒంటికి అంటుకుంటది. దిండు తిరగేస్తె అటు దిక్కు గూడ కాలుతది."

"మరెట్ల పండుకుందురు?"

"నీళ్ళు గుమ్మరిస్తుంటిమి. డాబా మీద పది బకెట్లు, ఇంట్ల పది బకెట్లు. మా అమ్మ పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి కడిగిపిస్తుండె. నేల మీద నీళ్ళు పడంగనే ఒక వాసన లేస్తుండె. దాని మీద చాప గూడ లేకుంట పంటిమంటే, అబ్బ, ఒళ్ళు చల్లవడి..." చెయ్యి సీటు మీద ఆగిపోయింది. "గా సుఖం మీకు తెల్వదు."

ఎప్పుడూ చలిని తిట్టే అమ్మ నోట చల్లదనం అంత తియ్యగా పలకడం నేను మొదటిసారి విన్నాను. ఆమె చెప్పినదంతా రాసుకున్నాను.

ఆదివారం

నీళ్ళు పట్టుకొనే కొళాయి గడ్డకట్టింది. నీళ్ళు రాలేదు. అమ్మ గొణుక్కుంటూ ఊడ్చి ఊరుకుంది. తడి లేని నేల మీద గీత నిలవదని ముగ్గు కూడా వెయ్యలేదు. నేను అలవాటుగా థర్మామీటర్ పెట్టాను. ఇరవై ఏడు.

అది పాడయిందనుకొని చంకలో పెట్టి చూశాను. బాగానే ఉంది. మళ్ళీ నేల మీద పెట్టాను. ఇరవై ఏడు.

"రాత్రి ఊక ఎక్కువేసినవా?" అని వదినెను అడిగాను.

"నేనేం ముట్టలే. గానీ బూడిదను చూడు. ఇయ్యాల లేవనే లేదు."

బూడిద బాయిలర్ పక్కన, తన పాత చోట వెల్లకిలా పడి ఉంది. రోజూ అది చలికి లేవడం లేదు. నా బకెట్‌కు లేస్తోంది. నిన్న రాసుకున్న అమ్మ మాటలు తీసి మళ్ళీ చదివాను. "నీళ్ళు", "చల్లవడి" అన్న మాటల కింద గీత గీశాను.

కానీ ఒక్క రోజు కొలతను నమ్మకూడదని సారు చెబుతారు. రేపు కడగకముందు ఒకసారి, కడిగాక ఒకసారి తీస్తాను. అంతవరకు ఎవరికీ చెప్పను.

సోమవారం

కొళాయి కరిగింది. కడగకముందు ఇరవై ఏడు. ఆరు బకెట్ల తరువాత ఇరవై రెండు.

మంచులాంటి నీళ్ళు నేల మీద పడి వేడి తాగుతాయి. ఆ వేడితోనే జాలీలోకి పోతాయి. మిగిలిన తడి ఆరుతూ ఇంకొంత పట్టుకుపోతుంది. చిన్న బాయిలర్ ఆ నష్టం పూడ్చడానికి రోజంతా పడుతుంది. రాత్రికి ఎలాగో కూడదీసుకుంటుంది, పొద్దున మళ్ళీ బకెట్. తనిఖీ వాళ్ళు ముగ్గు పడ్డాక వస్తారు కాబట్టి, వాళ్ళు కొలిచేది ఎప్పుడూ అప్పుడే కడిగిన నేలనే. రాత్రి మీద ఇన్ని రోజులు వేసిన నింద వాపసు తీసుకుంటున్నాను.

సాయంత్రం ముగ్గురం కూర్చున్నప్పుడు చెప్పాను. అమ్మ ఒప్పుకోలేదు.

"పురుడు పొయ్యాల్సిన ఇల్లు కడగకుంట ఉంచుతవా? మండలోళ్ళు చూస్తె ఏమంటరు? పాచి నేల మీద పిల్లను పండవెట్టిండ్రంటరు."

"ఊడుస్తం అమ్మా. మధ్యాహ్నం తుడుద్దాం. పొద్దున నీళ్ళు మాత్రం వద్దు."

"నీ సదువు మొన్నటిది. నేను పుట్టినకాంచి కడుగుతున్న."

"ఎందుకు కడుగుతుంటిరో మొన్న నువ్వే చెప్పినవు కదా."

అమ్మ నేల వైపు చూసింది. "చల్లగుండాలనే కడిగినం," అంది నెమ్మదిగా. ఆ మాట తనకు తానే చెప్పుకున్నట్టుంది.

ఆ తరువాత ఆమె ముఖం మారిపోయింది. వదినె వైపు చూడలేక కొంగుతో నోరు మూసుకుంది.

"పోయినేడు ఆ హాల్ల..." అంది. "దినాం పొద్దుగాల నేనే పోయి నీ పక్క చుట్టూత కడిగి వస్తుంటి ఇందూ. నా మనుమరాలు శుభ్రంగుండాలని నాలుగు బకెట్లు ఎక్కువనే పోస్తుంటి."

రాగి బాయిలర్‌లో ఊక చిటపటలాడింది. హాలులో నేల ఎంత ఉండేదో ఎవరూ కొలిచి పెట్టుకోలేదు. కొలత లేనిదానికి కారణం చెప్పకూడదని బడిలో నేర్పారు. ఆ నియమం మనిషి మీద నింద పడకుండా కూడా కాపాడుతుందని ఈ రోజు నాకు అర్థమైంది.

వదినె కష్టంగా లేచి వచ్చి అమ్మ పక్కన కూర్చుంది. అమ్మ చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది.

"మీరొక్కరే కాదు అత్తమ్మా. ఆడ అందరి అమ్మలు, అత్తలు కడిగిండ్రు. ఒకరిని చూసి ఒకరు కడిగిండ్రు. ఎవరికి తెలుసు?" అంది. తరువాత నాతో అంది: "మంజీరా, ఆ హాల్ల ఇప్పుడు ఎంతమంది పిల్లలున్నరో?"

"తెలీదు వదినె."

"రేపు పొద్దుగాల గూడ కడుగుతరు గదా."

అమ్మ కళ్ళు తుడుచుకొని లేచింది. ఆరు బకెట్లూ తెచ్చి గోడవార ఒకదాని పక్కన ఒకటి బోర్లించింది. ముగ్గు డబ్బా తీసి, గుమ్మం దగ్గర పొడి నేల మీద ఒక గీత లాగి చూసింది. పిండి జారింది. వేళ్ళు దగ్గరగా పట్టి మళ్ళీ లాగింది. మూడోసారికి గీత నిలిచింది. "వస్తది. జర మెల్లగ ఎయ్యాలె," అంది. చెరిపేసి వచ్చి, రాగి బాయిలర్ మెడకు పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. ఆ తరువాత వెళ్ళి స్కూటర్ మీద కూర్చుంది. హ్యాండిల్ పట్టుకొని, రోడ్డు కనిపిస్తున్నట్టు ముందుకు చూస్తూ కాసేపు ఉండి దిగింది. "ఆపాకు కబురు పంపు. తనిఖీ కాంగనే బండి తెచ్చి తీస్కపొమ్మను," అంది. "సీటు మాత్రం నేను ఇయ్య. పిల్లికుంటది."

రేపు పొద్దున అందరికంటే ముందు నేను లేస్తాను. బకెట్ ముట్టను. ముందు హాలుకు వెళతాను, వాళ్ళు నీళ్ళు పొయ్యకముందే. కడగకముందు, కడిగాక రాసిన రెండు కొలతలూ పట్టుకొని వెళతాను. నా మాట వినకపోవచ్చు, చిన్నదాన్ని. అందుకని అమ్మ కూడా వస్తానంది. "నాలుగు బకెట్లు ఎక్కువ పోసినదాన్ని నేనే చెప్తె వింటరు," అంది. తిరిగి వచ్చాక అమ్మ పొడి నేల మీద ముగ్గేస్తుంది. మండలి వాళ్ళు వచ్చేలోగా బూడిద ఎక్కడ పడుకుందో చూసి, ఆ చోటు నుంచే కొలవడం మొదలుపెడతాను. వదినెను మాత్రం లేపము. ఆమె లేచేదాకా పడుకోనిస్తాం.